అల్లుడి బిస్కెట్లు

మా ఇంటికి తొలి అల్లుడు నాకు పెళ్ళీడు రాకముందే వచ్చాడు, నాలుగు కాళ్ళతో. అన్నం పెడితే మొహం తిప్పుకొనేవాడు. రొట్టె వేస్తే వాసన చూసి, వెళ్ళి గుమ్మంలో పడుకొనేవాడు. బతిమాలితే తప్ప నోరు తెరవని ఆ లక్షణం చూసి మా అమ్మే ఆ కుక్కకు అల్లుడని పేరు పెట్టింది. దొరసాని పెట్టిన పేరు వేరే ఉండేది గానీ అది మాలో ఎవరి నోటా సరిగ్గా పలికేది కాదు.

అవి యుద్ధం రోజులు. మా నాయన పంజాగుట్టలో ఒక ఇంగ్లీషు దొర బంగ్లాలో వంటమనిషి. బంగ్లా వెనక గదిలో మేం ముగ్గురం ఉండేవాళ్ళం. దొరకు బదిలీ అయింది. ఆయన వెంట వెళ్తూ దొరసాని కుక్కను నాయన చేతిలో పెట్టి, తాము తిరిగొచ్చేదాకా అది బాగుంటే గది మీదేనని చెప్పింది. బాగుండకపోతే ఏమవుతుందో చెప్పకుండా కారెక్కింది.

కుక్కతోపాటు దాని బిస్కెట్లు కూడా మూడు డబ్బాలు ఇచ్చింది. దొరల సీమ నుంచి వచ్చిన సరుకు. అవి అయిపోయాక అల్లుడు తినడం మానేశాడు. సికింద్రాబాదు అంగళ్ళలో అడిగితే, మనుషులకే బిస్కెట్లు లేవు, కుక్కలకెక్కడివని కసిరారు. మూడు రోజులు వాడు మంచినీళ్ళతో గడిపాడు. పక్కటెముకలు తేలాయి. అమ్మ గది ఖాళీ చేయడానికి మూటలు కట్టడం మొదలుపెట్టింది.

నాయన ఖాళీ డబ్బా అడుగున మిగిలిన పొడిని వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాడు. కాసేపు కళ్ళు మూసుకొని, "బొక్కల నీళ్ళు. పిండి. ఉప్పు లేదు," అన్నాడు. మూటలు విప్పమని అమ్మకు చెప్పి, అమీర్‌పేటలో కసాయి దగ్గరికి ఎముకలకు వెళ్ళాడు.

గోధుమపిండి కంట్రోలులో ఉంది కాబట్టి జొన్నపిండితోనే కానిచ్చాం. పావుగంట పని. బొక్కలు పొద్దున్నుంచీ పొయ్యి మీద వాటంతటవే ఉడుకుతాయి కనుక ఆ సమయం మన ఖాతాలోకి రాదు. రెండు దోసిళ్ళ జొన్నపిండిలో మసిలే బొక్కల నీళ్ళు పోసి గరిటెతో కలపాలి. జొన్నపిండి చన్నీళ్ళకు లొంగదు, వేడి తగిలితేనే జిగురొస్తుంది. చల్లారాక ఒక గుడ్డు కొట్టి మెదపాలి. మొదటిసారి నేను తొందరపడి వేడిలోనే కొట్టాను. గుడ్డు ఉడికి పొరటయింది. నాయన ఆ ముద్దను నాకే తినిపించాడు. ఉప్పు వేయకూడదు, కారం వేయకూడదు, ఉల్లిగడ్డ ఆ దరిదాపులకు రాకూడదు. చెక్కల్లా పలచగా ఒత్తి, పెనం మీద పరిచి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోయాలి. గోటితో కొడితే టకటకమంటే అయినట్టు.

అల్లుడు వాసన చూశాడు. వెళ్ళి గుమ్మంలో పడుకున్నాడు.

"అలిగిండు. కొత్తబట్టలు పెట్టలేదు గద మనం," అంది అమ్మ.

నాయన ఆలోచించాడు. బిస్కెట్లన్నీ దొరసాని ఇచ్చిన డబ్బాలో వేసి మూత బిగించాడు. బయటికి పోయి, మళ్ళీ లోపలికి వచ్చి, మూతను టప్పున ఊడదీశాడు. అల్లుడు చెవులు నిక్కించి లేచి వచ్చి నాలుగు తిన్నాడు. వాడికి కావలసింది మర్యాద అని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి ఆ మర్యాద రోజూ రెండు పూటలా జరిగింది.

ఖాళీ అయిన మిగతా డబ్బాలు అమ్మ పిండివంటలకు వాడుకొనేది. మూడూ ఒక్క తీరున ఉండేవి, పైన అంటించిన కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఆ ఏడు అమీర్‌పేటలో మా చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ పండుగకు ఎవరింట్లో ఉన్నది వాళ్ళు దేవునికి తెస్తారు. గుమ్మడికాయ, కోడిపెట్ట, కుంచెడు బియ్యం, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. అమ్మ మురుకుల డబ్బా తీసుకెళ్ళింది. మురుకుల డబ్బానే అనుకొని తీసుకెళ్ళింది.

దాన్ని సంఘపెద్ద పాడుకున్నాడు. సర్కారు దఫ్తరులో పెద్ద గుమాస్తా. అక్కడే మూత తీసి, ఒకటి కొరికి, పక్కవాళ్ళకు కూడా పంచాడు. "మస్తున్నయి! అచ్చం సీమ బిస్కెట్లే. ఉప్పే జర తక్కువైంది," అన్నాడు. అందరూ నములుతూ తలలూపారు. అమ్మ తల వంచుకొని నా మోకాలు గిల్లింది, నోరు విప్పవద్దని.

నాయన లేచి నిలబడ్డాడు. "పెద్దయ్యా, తినకుండ్రి. గవి మా కుక్కయి," అన్నాడు.

చర్చిలో ఉమ్మేయడం కుదరదు కాబట్టి అందరూ మింగారు. ఇంటికొచ్చేసరికి అల్లుడు దొర్లి మూత ఊడిన డబ్బా ముందు కూర్చొని మురుకులను చూసి బాధపడుతున్నాడు. అమ్మ నాలుగు రోజులు నాయనతో మాట్లాడలేదు. ఐదోరోజు మాత్రం, "నువ్వు నోరు మూసుకుంటే ఎవలకు తెలుస్తుండె?" అని అడిగింది.

"నాకు తెలుసు గద," అన్నాడు నాయన.

యుద్ధం అయిపోయింది. దొరసాని ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనే, చదివి చెప్పాను. వాళ్ళు ఇక ఇటు రారు, బొంబాయిలో ఓడ ఎక్కేస్తున్నారు. బంగ్లాలోకి వచ్చేవాళ్ళు తమ స్నేహితులే, నాయనను వంటకు పెట్టుకుంటారు, గది కూడా మాకే ఉంటుంది. వాళ్ళకు కుక్కలు పడవు. కుక్క కొత్త మనుషుల చేతిలో కష్టపడకూడదు కాబట్టి పశువుల డాక్టరును పిలిపించి సూది వేయించి చంపించమని, అయ్యాక ఒక ముక్క రాయమని ఉంది.

నాయన ఆ చివరి ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఆయన ఇరవై ఏళ్ళలో దొరల మాట ఒక్కటి జవదాటలేదు. "మీరు చెప్పినట్టే అయిందని రాయి," అన్నాడు. కలం కిందపెట్టి ఆయన మొహం చూశాను. "రాయి," అన్నాడు మళ్ళీ.

రాశాను. మరుసటి వారం మేం అమీర్‌పేటలో ఒక అద్దె గదికి మారాం. నాయన వంటకు రోజూ పంజాగుట్టకు నడిచి వెళ్ళేవాడు. "లోకంల అల్లుడు ఇల్లరికం వస్తడు, మనం అల్లుని కోసం ఇల్లిడిసి వస్తిమి," అని అమ్మ సామాను దించుతున్నంతసేపూ అంటూనే ఉంది. సాయంత్రం తనే బొక్కలు పొయ్యి మీద పెట్టింది.

సీమ నుంచి మరో ఉత్తరం వచ్చింది. పాపం, బాధపడిందా అని దొరసాని అడిగింది. అల్లుడు నాయన పాదాల మీద తల పెట్టుకొని గురక పెడుతున్నాడు. "ఏం బాధపడలేదని రాయి," అన్నాడు నాయన. అదీ రాశాను.

మా చర్చిలో నెలకొకసారి ప్రభు భోజనం ఉంటుంది. పాపం ఒప్పుకొని పశ్చాత్తాపపడినవాళ్ళే ముందుకెళ్ళి బల్ల దగ్గర ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. ఆ నెల నుంచి నాయన లేవడం మానేశాడు. వరుసలు వరుసలుగా జనం ముందుకు వెళ్తుంటే మగవాళ్ళ వైపు ఆయన ఒక్కడే చేతులు కట్టుకొని కూర్చొనేవాడు. తాగుతున్నాడన్నారు. ఎక్కడో ఇంకొకామె ఉందన్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

కోస్తా నుంచి వచ్చిన పాస్టరుగారు ఇంటికే వచ్చి అడిగారు. "ఏంటయ్యా, బల్ల దగ్గరికి రావట్లేదు?"

నాయన అంతా చెప్పాడు. "అబద్ధమాడిన అయ్యగారూ, రెండుసార్లు."

"ఒప్పుకున్నావుగా. పశ్చాత్తాపపడితే సరిపోతుంది."

"ఒప్పుకుంటున్న. పశ్చాత్తాపమే వస్తలేదు. వస్తే సూది ఏపియ్యాలె గద."

పాస్టరుగారు టీ తాగి, అల్లుడి తల ఒకసారి నిమిరి వెళ్ళిపోయారు.

అల్లుడు మరో మూడేళ్ళు బతికి, ముసలితనంతో నిద్రలో పోయాడు. నాయన ఆ రోజు పనికి పోలేదు. ఏడ్చాడు కూడా, గోడవైపు తిరిగి. ఆ తరువాతి ఆదివారం ప్రభు భోజనం. ఇక అడ్డేముంది, ఈసారి లేస్తాడని నేననుకున్నాను. లేవలేదు. ఇంటికొస్తూ దారిలో అడిగితే, "కుక్క సచ్చిపోయిందని చేసింది తప్పయితదా బిడ్డా? మళ్ళ గట్లనే అయితే మళ్ళ గట్లనే చేస్త," అన్నాడు.

ఆయన పోయేదాకా ఆ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. నన్ను ప్రభు భోజనానికి చేర్చుకున్నది ఆ ఉత్తరాలు రాసిన ఏడాదే. రెండు ఉత్తరాలూ నా దస్తూరీయే. నెలనెలా తెల్లచీర కట్టుకొని, ఆయన ముందునుంచే నడిచి వెళ్ళి, రాసిన ఆ చెయ్యే చాచి రొట్టె తీసుకున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.