కామమ్మ పెట్టించిన దురాయి

"...వ్యాను దిగి ఏడ్చుకుంటా ఇంటికొచ్చినాడు నా కొడుకు. ఆ రోజు నీ కళ్ళు యాడ పెట్టుకున్నావక్కా?" అంటోంది చెంచమ్మ, కొళాయి కింద బిందె నిండి పొర్లుతున్నా చూసుకోకుండా.

"నీ కొడుకు ఒక్కడే దిగినాడా మే? అందరి పిల్లలూ దిగినారు."

"దింపించింది నువ్వే గదా. ఇప్పుడు నీ కూతురికి గూడూరులో సీటొచ్చేసరికి దురాయి చేదైపోయింది."

కామమ్మ బిందె చంకనెత్తుకుని ఇంటిదారి పట్టింది. సీటు సంగతి నిన్న సాయంత్రం హెడ్మిస్ట్రెస్ ఎవాంజెలిన్ మేడమ్ ఆమెను పక్కకు పిలిచి చెవిలో చెప్పింది. తెల్లారేసరికి కొళాయి దాకా వచ్చేసింది.

టౌను చివర, సునామీ తర్వాత కట్టించి ఇచ్చిన కాలనీ వాళ్ళది. మొగుడు మాలకొండయ్య పక్కవాళ్ళ పడవలో వేటకు పోతాడు. కామమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని టౌను వీధులన్నీ తిరుగుతుంది. సరుగుడు తోట దాటితే హైస్కూలు. ప్రైవేటు బడుల పసుపు వ్యాన్లు కాలనీలోకి రావడం మొదలయ్యాక హైస్కూల్లో పిల్లలు పలచబడ్డారు. ఇట్లాగే ఉంటే తొమ్మిది, పది తరగతులు హైవే అవతలి బడిలో కలిపేస్తారని కబురొచ్చింది. అక్కడికి బస్సు లేదు. లారీల మధ్య ఆడపిల్లల్ని రోడ్డు దాటించి అంతదూరం పంపే ఇల్లు కాలనీలో ఒక్కటీ లేదు.

అప్పుడు కామమ్మే వలల షెడ్డులో కాపులు, అంటే కాలనీ పెద్దమనుషులు, కూర్చున్నచోటికి పోయి నిలబడింది. మన పిల్లలు మన బడికి తప్ప ఏ బడికీ పోకూడదని దురాయి పెట్టమని అడిగింది. దురాయి అంటే కాపుల కట్టుబాటు. దాటిన ఇంటి మగవాణ్ణి ఎవరూ పడవ ఎక్కించుకోరు. వ్యాన్లు వారంలో ఆగిపోయాయి. బడి నిలిచింది. మేడమ్ కామమ్మకు అందరి ముందూ శాలువా కప్పింది.

ఆ ఏడే లెక్కల సారు సుశీల్ కుమార్ బదిలీ అయి వెళ్ళాడు. ఆయన చోట్లోకి ఎవరూ రాలేదు. ఎవాంజెలిన్ మేడమ్‌ది ఇంగ్లీషు. గైడు చూసి లెక్కలు బోర్డు మీద ఎక్కిస్తుంది, పిల్లలు దించుకుంటారు. ఒకరోజు కూతురు చిట్టి ఆ లెక్కలు రాసుకుంటుంటే కామమ్మ ఒక అంకె మీద వేలు పెట్టి, ఇదెట్టా వచ్చిందని అడిగింది.

"తెలీదుమా. బోర్డు మీద అట్టే ఉండింది."

ఇప్పుడు గూడూరు గురుకులంలో తొమ్మిదో తరగతిలో ఒక ఖాళీ. సోమవారం లోపల చేర్చాలి.

"కాపుల్ని అడుగుతానంటే అడుగు," అన్నాడు మాలకొండయ్య, ఆదివారం సాయంత్రం షెడ్డుకు బయల్దేరుతూ. "నన్ను పడవ దించితే మాత్రం నాకింకో పని రాదు."

చిట్టి ఎవరూ చెప్పకుండానే పొద్దున తన బట్టలు ఉతికి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

షెడ్డులో పెద్దకాపు చిన్నపోలయ్య చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. "చెప్పు కామమ్మా."

"మా పిల్లకి గురుకులంలో సీటొచ్చిందన్నా. అది వ్యాను బడి కాదు, సర్కారుదే."

"సర్కారుదైనా మన బడి కాదు గదా. ఏ బడికీ పోకూడదని చెప్పిన నోరు నీదే."

"లెక్కల సారు లేడన్నా ఇక్కడ."

"అందరి పిల్లలకీ లేడు."

"పోనీలేన్నా," అన్నారెవరో వెనకనించి. "శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేసేదానికి మనిషి కావాలంట." నలుగురు నవ్వారు. మాలకొండయ్య తల దించుకుని వలలో తెగిన కన్ను వెతుకుతున్నట్టు కూర్చున్నాడు.

చిన్నపోలయ్య నవ్వలేదు. "నీకొకదానికే సడలిస్తే రేపు నా మాట ఎవురూ వినరు. ఎత్తేస్తే అందరికీ ఎత్తెయ్యాల. పొద్దునకల్లా వ్యాన్లొస్తాయి, పోగలిగినోళ్ళు పోతారు. ఆ పైన బడి సంగతి నీకు తెలుసు. పెట్టించింది నువ్వు. ఉండాల్నో తియ్యాల్నో నువ్వే చెప్పు."

కామమ్మ ఆడవాళ్ళ వైపు తిరిగింది. చెంచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమెనే చూస్తోంది. కొడుకును మళ్ళీ వ్యాను ఎక్కించుకోవచ్చన్న ఆశ ఆ కళ్ళల్లో దాగలేదు. ఆమె వెనక పెంచల్ కూతుళ్ళు ఇద్దరూ ఒకే చాపమీద కూర్చున్నారు. తల్లి లేని పిల్లలు. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది ఎనిమిదో తరగతి. వాళ్ళకోసం ఏ సీటూ రాలేదు, ఏ వ్యానూ రాదు. వాళ్ళ పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని చిట్టి.

సంచి ఇంటి దగ్గర పెట్టి రమ్మని చెప్పాల్సింది, అనుకుంది కామమ్మ.

"ఏం చెప్తావు?" అన్నాడు చిన్నపోలయ్య.

"దురాయి ఉండనీయండన్నా," అంది కామమ్మ. "చిట్టి ఇక్కడే చదువుద్ది."