విమానంలో అమ్మ మడత

ఆ రోజుల్లో బొంబాయిలో మా కామాటిపురా చాలుల్లో, అంటే గదికొక సంసారం ఉండే వరస ఇళ్ళలో, విమానం ఎక్కినవాడికంటే విమానం తుడిచేవాడికే మర్యాద ఎక్కువ. ఎక్కినవాడు ఒకసారి ఎక్కి దిగిపోతాడు, తుడిచేవాడు రోజూ ఎక్కుతాడు కదా అని మావాళ్ళ లెక్క. ఆ లెక్కన గల్ఫులో ఒక విమానాల కంపెనీలో సీట్లు తుడిచి దుప్పట్లు మడిచే నేను చాలా గొప్పవాణ్ణి. (ఏడో తరగతిలో బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరమూ సంతోషంగానే విడిపోయాం.) ఆ గొప్ప చూసే వర్లీ చాలులో ఉండే, వరుసకు మామ అయ్యే ఒకాయన తన కూతుర్ని నాకిస్తానన్నాడు. "ఇమానం నౌకరీ ఉన్నదని ఇస్తున్న పోరడా. నౌకరీ పోతే ఈ మాట గూడ పోయినట్టే," అని ఫోనులోనే తేల్చేశాడు. వచ్చే సెలవుల్లో పెళ్ళి.

ఆ సెలవులు ఇంకా దూరంగా ఉండగానే మా పెద్ద సారు అందర్నీ వరసగా నిలబెట్టి, ఇకమీదట తమ విమానాల్లో తమ దేశంవాళ్ళే పనిచేస్తారని చెప్పాడు. మా ఒక్కొక్కరికీ ఒక్కొక్క లోకల్ మనిషిని అప్పగించాడు. అతను పని నేర్చుకునేదాకా మా ఉద్యోగం ఉంటుంది, నేర్చుకున్న రోజు మాకు టికెట్ ఇస్తారు. సంగతి అమ్మకు ఫోనులో చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సగం నేర్పు బిడ్డా. తక్కిన సగం కడుపుల పెట్టుకో. లగ్గం అయినంక ఏమన్న గానీ."

నాకు దొరికిన మనిషికి నేను చిన్న షేక్ అని పేరు పెట్టుకున్నాను. ఇంచుమించు నా ఈడువాడే. ఇంట్లో అన్నదమ్ములందరికీ ఎవరి గది వాళ్ళకుంది. పొద్దున లేచి వెళ్ళిపోతే దుప్పటి దానంతటదే మడతపడుతుందని అతని నమ్మకం. ఇతనికి పని రావడానికి రెండేళ్ళయినా పడుతుంది, ఈలోపు నాకు పెళ్ళయి పిల్లాడు కూడా పుడతాడు అని లోలోపల తెగ సంతోషించాను. కానీ మొదటిరోజే వాడు తన వచ్చీరాని హిందీలో, చేతులు కట్టుకుని, "ఉస్తాద్, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అన్నాడు.

అంతే, నేను పోయాను. జన్మలో నన్ను ఉస్తాద్ అన్నవాడు లేడు. బడిలో మాస్టారు నన్ను పిలిచిన పేర్లు ఇక్కడ రాయడానికి కుదరదు. నోరు విప్పానంటే మళ్ళీ మూయడం నాకు పుట్టుకతో రాలేదు, పైగా ఇప్పుడు వినే శిష్యుడొకడు. అమ్మ కడుపులో పెట్టుకోమన్న సగాన్నే ముందు చెప్పేశాను.

అదే అమ్మ మడత. మా ఖోలీ ఒక్క గదే, పడుకునేది తొమ్మిదిమందిమి. తెల్లారేసరికి పక్కబట్టలన్నీ అటకెక్కితేగాని పొయ్యి వెలిగించడానికి చోటుండదు. అందుకే అమ్మ దుప్పటిని పొడవుగా మడిచి, కొసని ఆ మడతలోకే దోపేది. అలా దోపిన దుప్పటిని కిందినుంచి అటకమీదికి విసిరినా విప్పుకోదు. "విప్పుకుంటే నీ వీపు పలుగుతది," అంటూ నేర్పింది నాకు. నేను వీపు సంగతి వదిలేసి తక్కినదంతా చిన్న షేక్‌కి నేర్పాను. వాడు కొస బయటికి వదిలేస్తే అచ్చం అమ్మలాగే నెత్తిన ఒక్కటి మొట్టేవాణ్ణి. వాడు నవ్వి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచేవాడు.

ఒకరోజు పెద్ద సారు పరీక్షకొచ్చాడు. చిన్న షేక్ దుప్పటి మడిచి, కొస దోపి, సీట్ల మధ్య నిలబడి పై అరలోకి విసిరాడు. అది పావురంలా వెళ్ళి, మడత నలక్కుండా కూర్చుంది. సారు చప్పట్లు కొట్టాడు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. చేతులు మండేదాకా కొట్టాక గుర్తొచ్చింది, ఆ చప్పట్లు నా ఉద్యోగం ఊడినందుకని.

బొంబాయిలో దిగి నేరుగా వర్లీ వెళ్ళాను. అబద్ధమాడదామనే వెళ్ళాను కానీ, మామ ముఖం చూడగానే ఉస్తాద్ మొదలుకుని చప్పట్లదాకా మొత్తం కక్కేశాను. మామ గ్లాసు కింద పెట్టాడు. "అంటే, నీ నౌకరీ ఊడగొట్టెటోనికి నువ్వే నేర్పినవ్?"

"అవును మామా."

"మంచిగ నేర్పినవా?"

"మస్తు నేర్పిన."

పరదా వెనకనుంచి ఒక్కసారిగా పగలబడి నవ్విన నవ్వు వినిపించింది. ఆపుకోబోయి, ఆగక, మళ్ళీ మొదలైంది. మామ పరదావైపు చూశాడు, నావైపు చూశాడు. "ఇంతకుముందు ఇద్దరొచ్చిండ్రు. నౌకరీలున్నోళ్ళే. ఒక్కడన్న దీన్ని నవ్వియ్యలే," అని గొణిగి, నాకు చాయ్ తెమ్మన్నాడు.

ఇప్పుడు నేను మా కామాటిపురా పక్కనే ఫోరస్ రోడ్ మీద సూట్‌కేసుల జిప్పులు బాగుచేస్తాను. మొన్న మా బామ్మర్ది అదే కంపెనీ విమానంలో వెళ్తూ సీట్లోనుంచి ఒక ఫోటో పంపాడు. "బావా, ఇది అత్తమ్మ మడతే గదా?" చూస్తే దుప్పటి, కొస లోపలికి దోపి ఉంది. అమ్మకు చూపించాను. ఆవిడ ఫోను కళ్ళదగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "కొస జర బయటికొచ్చింది. నీ శిష్యుడేనా?" అంది.

"వాడు కాదమ్మా," అన్నాను, "వాడి శిష్యుడై ఉంటాడు."

మర్నాడు పొద్దున నా దుప్పటి మడిచి, కొస దోపి, ఏదో ఆలోచిస్తూ అలాగే చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాను. పొయ్యి దగ్గర చోటు కోసం చూస్తున్న మా ఆవిడ, ఆనాటి పరదా వెనక నవ్వే నవ్వుతూ అంది: "ఉస్తాద్, ఇమానం ఎప్పుడో ఎళ్ళిపోయింది. ఇగ ఇసురు!"