మొదట చెప్పాల్సిన మాట

మా మేడమ్ పోయారని బెంగుళూరు ఆస్పత్రి నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబులో ఉన్నాను. పిల్లలు మోటారు విప్పి బల్ల మీద పెట్టుకుని వాదులాడుకుంటున్నారు. ఫోను జేబులో పెట్టుకుని వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లాను. మేడమ్ ఉంటే ఆ గోలకు సంతోషపడేవారు.

అనంతపురం పక్కన ఈ ఇంజినీరింగ్ కాలేజీలోనే ఆవిడ దగ్గర చదువుకున్నాను. తర్వాత స్టాఫ్ రూములో ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేశాను. నేను చదివేటప్పుడే, ప్రాజెక్టు మార్కుల్లో కొంత భాగం జట్టులో తోటివాళ్లే వేయాలన్నది ఆవిడ పద్ధతి. ఎవరి ఫోన్లో వాళ్లు మిగతావాళ్లకు మార్కులు వేయాలి. మేం మహా తెలివైనవాళ్లం కదా, ముందే కూడబలుక్కుని అందరం అందరికీ పదికి పది వేసేశాం. మేడమ్ చూసి నవ్వారు.

"ఏమప్పా, పెండ్లిలో చదివింపులనుకున్నారా? నువ్వు నాకు పెడితే నేను నీకు పెడతాననేదానికి?"

ఆ మార్కులు కొట్టేసి కుర్చీలు గుండ్రంగా లాక్కోమన్నారు. ఇకనుంచి మొహం చూసి చెప్పాలి. మొదట ఆ మనిషి బాగా చేసినదొకటి, తర్వాత సరిచేసుకోవాల్సినదొకటి. మార్కులు ఆ తర్వాతే. "మంచి చెప్పకుండా తప్పు చెప్తే తిట్టినట్టు. తప్పు చెప్పకుండా మంచి చెప్తే కాకా పట్టినట్టు," అనేవారు. మాటలు వేడెక్కితే సంచిలోంచి వేయించిన చెనక్కాయలు తీసి మధ్యలో పోసేవారు. "తినండప్పా. నోరు తినే పనిలో ఉంటే చెవులు పనిచేస్తాయి."

మా జట్టులో ముదిగుబ్బ వైపు పిల్లవాడొకడు ఉండేవాడు. సాయంత్రం మా ప్రాజెక్టు మోటారు నడిపి చూసే వేళకు మాయమవుతాడని మిగతా ముగ్గురం వాడి వెనక గొణుక్కునేవాళ్లం. ఆ రోజు గుండ్రంగా కూర్చున్నాక వాడి మొహం చూసి వాడితోనే అన్నాను. "సోల్డరింగ్ నీ మాదిరి ఎవరూ చెయ్యలేరప్పా. కానీ మోటారు నడిపేటప్పుడు నువ్వు యాడా కనపడవు."

వాడు తల దించుకోలేదు. "సాయంత్రం బస్సు పోతే మా ఊరికి ఇంకోటి లేదప్పా. నాయనకు కాలు బాగలేదు. గొర్రెల్ని దొడ్లోకి తోలేది నేనే."

మరుసటి రోజు నుంచి మేం మోటారును పొద్దున్నే నడిపి చూశాం. అలా మార్చమని మేడమ్ చెప్పలేదు, మాకే తోచింది. జట్టు అంటే ఏమిటో నాకు ఆ పొద్దున తెలిసింది.

పోయిన ఏడాది ఆవిడ గొంతుకు జబ్బు చేసింది. అయినా పాఠం మానలేదు. పాఠం తప్ప ఆవిడకు వేరే లోకం లేదు. ఏటా తన గురించి కూడా పిల్లల్ని అవే రెండు మాటలు అడిగేవారు. ఈసారి అందరూ ఫోన్లోనే పదికి పది వేసి, సరిచేసుకోవాల్సినదేమీ లేదన్నారు. స్టాఫ్ రూములో మేడమ్ ఆ ఫోను నా ముందు పెట్టారు.

"జాలి మార్కులు. నువ్వు చెప్పు నాయనా, నా గొంతు ఎనక బెంచీకి వినపడతాందా?"

అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో. కానీ ఆవిడ నా మొహమే చూస్తున్నారు.

"వినపడదు మేడమ్. పిల్లలు మీ పెదవులు చూసి రాసుకుంటాండారు."

ఆవిడ చేతిలోని సుద్దముక్క మెల్లగా బల్ల మీద పెట్టారు. "సరేప్పా. రేపట్నుంచి ఆ పాఠం నువ్వు చెప్పు." వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగారు. "సగమే చెప్పినావు. మొదట చెప్పాల్సింది యాడబోయె?"

నేను లేచి వాకిలి వైపు నడిచాను. "రేపు చెప్దువులే," అని నవ్వి వెళ్లిపోయారు.

ఆ మర్నాడే జబ్బు ముదిరి ఆవిడను బెంగుళూరు తీసుకుపోయారు. ఫోన్లో చెప్పొచ్చు కదా అని మీరనవచ్చు. మొహం చూసి చెప్పాలి కదా, తిరిగొస్తారులే అనుకున్నాను. రాలేదు. ఇంతకన్నా పెద్ద దుఃఖం నాకు ఇంకోటి లేదు.

ఆ రోజు ల్యాబులో చావు కబురు చెప్పగానే పిల్లలు వాదన ఆపేశారు. ఎవరూ చెప్పకుండానే కుర్చీలు గుండ్రంగా లాక్కున్నారు. నేనూ వాళ్ల మధ్య కూర్చుని, ఆవిడకు మొదట చెప్పాల్సిన మాట వాళ్లకు చెప్పాను. తోటి మనిషిని పోగొట్టుకోకుండా ఆ మనిషికి నిజం చెప్పడం మాకు నేర్పారని చెప్పాను. చెప్పాననుకున్నాను.

ఎదురు కుర్చీలోని చిలమత్తూరు అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ మెల్లగా అంది, "సార్, ఈ పక్కకు వినపడలే."

బల్ల మీద మోటారు విప్పింది విప్పినట్టే ఉంది. నేను గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచి చెప్పాను.