సరుగుడు కర్రల కింద ముప్పై ఒక్క రోజులు

పోయిన నెల విరుదునగర్ బైపాస్ పక్కన కడుతున్న ఒక కల్యాణ మండపానికి ఇనుము లెక్క సరిచూడడానికి వెళ్ళాను. ముందువైపు పోర్టికో ఒక్క స్తంభమైనా లేకుండా పద్దెనిమిది అడుగులు బయటికి వచ్చి ఉంది. చువ్వలతో పాటు లోపల ఉక్కు తీగల కట్టలు వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని యంత్రంతో లాగి బిగించారు. డిజైను ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మకు మా చిన్నమ్మాయి వయసుంటుంది. చేతిలోని ఫోను చూసి, కాంక్రీటులో పాతిన సెన్సరు కావలసిన బలం వచ్చిందని చెబుతున్నదనీ, కింద ఆనించిన జాకీలు తీసేయవచ్చుననీ మేస్త్రీకి మామూలుగా చెప్పి, టీ తాగడానికి వెళ్ళిపోయింది. జాకీలు ఒక్కొక్కటే దిగుతుంటే నాకు చెమట పట్టింది. రోడ్డు దాటి అవతలికి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకు వెళ్ళావని అక్కడ ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేవాణ్ణి కాను. మన వయసు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

నేను కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పనివాళ్ళ ఇంట పుట్టాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మ పక్కన కూర్చుని అగ్గిపెట్టెలకు కాగితం అంటిస్తూ పన్నెండు డజన్లను ఒక గ్రోసుగా ఎంచడమే నా మొదటి గణితం. పదో తరగతితో బడి అయిపోయాక, కట్టుబడి మేస్త్రీగా ఉన్న మా అక్క భర్త వెంట పనికి వెళ్ళాను. ఇనుప కొట్టువాళ్ళు పంచిన ఒక డైరీ వెనక, చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నూట అరవై రెండుతో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని అచ్చువేసి ఉండేది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, వంపులూ కొక్కేలూ అతుకులూ కలిపి, ఏ నక్షా చూపించినా ఎన్ని చువ్వలు ఎంత పొడవున కోయాలో కూర్చున్న చోటనే చెప్పగలిగేవాణ్ణి. నా లెక్క తప్పదని పేరు వచ్చింది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ పేరు మోయడం ఎంత బరువో అప్పటికి నాకు తెలియదు.

విరుదునగర్‌లో ఒక మిరపకాయల వ్యాపారి కొత్త గోదాము బావకు దొరికిన మొదటి పెద్ద పని. ఇది బాగా ముగిస్తే ఇక ఆయనను పిలిచి పనులిస్తారని అక్క ఎదురు చూసేది. తెల్లవారుజామునే మా ఇద్దరికీ సద్ది కట్టి ఇస్తూ, బావకు తోడుగా ఉండమని నాకు చెప్పని రోజు లేదు. గోదాము ముందు, లారీలు నిలిచే చోట, ఏడడుగుల నీడకప్పు ఒకటి గోడ నుంచి ముందుకు చాచి వేయాలి. అలా చాచిన కప్పులో ముఖ్యమైన చువ్వలు పైభాగంలోనే ఉండాలి, ఎందుకంటే దాని బరువుకు లాగుడు పడేది పైనే. కిందికి దిగితే అవి ఉన్నా లేనట్టే. ఇది నాకు బాగా తెలుసు. నక్షాలో ఇరవై మూడు చువ్వలు పైన గీసి ఉన్నాయి, నేనూ ఇరవై మూడు లెక్కగట్టి కోయించాను. వాటిని పైనే నిలిపి ఉంచడానికి కింద పెట్టే వంచిన ఇనుప ముక్కలున్నాయే, పనివాళ్ళు కుర్చీలంటారు, అవి నక్షాలో గీయలేదు. గీయనిదాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. వాటి బదులు ఇటుక ముక్కలు పెట్టి చువ్వల్ని లేపాము. ముందు రోజు సాయంత్రం ఇంజనీరు వచ్చి చూసినప్పుడు అన్నీ సరిగానే ఉన్నాయి.

కాంక్రీటు పోసే రోజు ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. నిమ్మకాయ కోసి, కర్పూరం వెలిగించి మిక్సరు తిప్పితే, చివరి చట్టి కాంక్రీటు పడేదాకా ఆపకూడదు. మధ్యాహ్నం పనివాళ్ళందరికీ బిర్యానీ. నేను కింద మిక్సరు దగ్గర సిమెంటు మూటలు ఎంచుతూ ఉండిపోయాను. చట్టీలు మోసే ఆడవాళ్ళు పైన ఆ చువ్వల మీదే నడిచారు. నడవడానికి వేరే చోటేది? ఇటుక ముక్కలు ఎప్పుడు జారిపోయాయో ఎవరికీ తెలియదు.

మూడో రోజు, కాంక్రీటుకు అడ్డంగా కట్టిన ముందువైపు పలక విప్పినవాణ్ణి నేనే. చువ్వల కొనలు పలకను తాకినచోట కాంక్రీటు ముఖం మీద ఇరవై మూడు చుక్కలు కనిపించాయి. అటూ ఇటూ చివరలవి పైన ఉన్నాయి, మధ్యలోని పద్నాలుగు బరువు కట్టిన తాడులాగా కిందికి వంగి ఉన్నాయి. టేపు పెట్టి చూశాను. అయిదంగుళాల మందంలో పైనుంచి నాలుగంగుళాలు. చుట్టూ ఎవరూ లేరు. ఇంత సిమెంటు నీళ్ళలో కలిపి, వేలితో ఆ చుక్కల మీద పూసేశాను.

ఇక ఆ పూత నన్ను లోపల పెట్టి మూసేసింది. కింద ఊతంగా నిలబెట్టిన సరుగుడు కర్రలు ఉన్నంతవరకు కప్పు పడదు, తీసిన రోజు నిలవదు. ఇరవై ఒకటో రోజున తీద్దామని బావ అంటే, ఈ రకం సిమెంటు ఆలస్యంగా గట్టిపడుతుందని, ఇరవై ఎనిమిది కావాలని చెప్పాను. నా మాట ఆయన నమ్మాడు. ఇరవై ఎనిమిదికి మరో వారం అడిగాను. పొద్దునే కోవిల్‌పట్టిలో రైలెక్కితే బావ, నేను ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా కూర్చునేవాళ్ళం. సాత్తూరు వచ్చేలోగా చెప్పేయాలనుకునేవాణ్ణి, సాత్తూరు దాటేది. ఒకసారి తోపుడుబండి తగిలి ఒక కర్ర పక్కకు ఒరిగింది. పరుగెత్తుకెళ్ళి దాన్ని నిలబెట్టి, చుట్టూ ఉన్న కర్రలన్నీ ఎంచాను. అప్పటినుంచి రోజుకు మూడు సార్లు ఎంచడం మొదలుపెట్టాను. చట్టీలు మోసేవాళ్ళలో నాకు పిన్నమ్మ వరస అయిన ఒకావిడ అది చూసి, సద్ది గిన్నె విప్పుతూ వెక్కిరించేది.

"ఏమప్పా లెక్కలయ్యా, ఈ కర్రలు పీకనే పీకవా? వేర్లు వచ్చేదంకా కాపలా ఉంటావా?"

మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. అందరూ కూర్చున్నది ఆ కప్పు నీడలోనే.

ఆఖరికి వ్యాపారి గోదాము తెరవడానికి ముహూర్తం పెట్టుకున్నాడు. రేపు ఏమైనా సరే కర్రలు తీసేస్తానని బావ ఆయనకు మాటిచ్చాడు. మరునాడు రైలు సాత్తూరు దాటాక, ఇక దిగే ఊరు దగ్గరపడుతుండగా, నోరు తెరిచాను.

"బావా, ఆ కర్రలు తీయొద్దు. పై చువ్వలు దిగిపోయినాయి. కొనలు కనపడకుండా సిమెంటు పూసింది నేనే."

కోపగిస్తాడనుకున్నాను, చేయి చేసుకుంటాడని కూడా అనుకున్నాను.

"నీకు తెలిసి ఎన్ని దినాలాయె?"

అలవాటు ఎక్కడికి పోతుంది, సరిగ్గా చెప్పాను. ముప్పై ఒకటి.

"ముప్పై ఒక్క దినం మన ఆడోళ్ళు దాని కింద కూకొని సద్ది తినిరి కదరా. నువ్వు యాడ కూకొని తింటివి?"

నేను మిక్సరు వెనక, ఎండలో కూర్చుని తినేవాణ్ణి. ఆయన అది ఎప్పుడు గమనించాడో తెలియదు, గమనించి ఇన్నాళ్ళూ ఏమనుకున్నాడో కూడా తెలియదు.

రైలు దిగి బావ నేరుగా వ్యాపారి దగ్గరకు వెళ్ళి, తప్పు తనదేనని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. కింద కర్రలు అలాగే ఉంచి, పైనుంచి ఉలి, సుత్తితో ఆ కప్పును పదకొండు రోజులు పగలగొట్టాము. ముహూర్తం తప్పింది, ఆ వ్యాపారి మళ్ళీ మాకు పని ఇవ్వలేదు, అక్క ఎదురు చూసిన పిలుపులూ రాలేదు. రెండోసారి నలభై ఆరు కుర్చీలు నా చేతులతోనే వంచాను, కాంక్రీటు పోస్తున్నంతసేపూ చువ్వల పక్కనే పలక మీద కూర్చున్నాను. ఆ కప్పు ఈనాటికీ ఉంది. బావ నన్ను పనిలోంచి తీసేయలేదు, లెక్కలు కూడా నన్నే అడిగేవాడు. కాని కర్రలు ఎప్పుడు తీయాలని మాత్రం తాను పోయేదాకా నన్ను మళ్ళీ అడగలేదు. నేను వింటుండగానే వేరేవాళ్ళను అడిగేవాడు.

ఇప్పుడు కుర్చీలతో సహా ప్రతి చువ్వా కంప్యూటరులో గీసి వస్తుంది, ఒకటి తగ్గినా ఎర్రగా చూపిస్తుంది, పోసే ముందు తీసిన ఫోటోలు అయిదారుగురి ఫోన్లకు వెళతాయి. ఒక తప్పును ఒక్క మనిషి లోపల దాచుకుని ముప్పై ఒక్క రోజులు తిరగడానికి వీలు లేకుండా పోయింది. మంచిదే, అలాంటి రోజులు ఎవరికీ రాకూడదు. అయితే ఈ పనుల్లో మధ్యాహ్నం ఎవరు ఎక్కడ కూర్చుని అన్నం తింటున్నారో చూసే మేస్త్రీని ఈమధ్య నేనెక్కడా చూడలేదు.