గొడుగు కింద పుత్తూరు కట్టు

తిరుపతిలో అలిపిరికి పోయే రోడ్డు పక్క సందులో మా అద్దె ఇల్లు. ఒక గది, వంటిల్లు. కింద నేనూ అమ్మా ఉంటాం. పై అంతస్తులోని గదుల్ని ఓనరమ్మ కొండకొచ్చే యాత్రికులకు రోజువారీగా ఇస్తుంది. ఆమె కాపురం పక్క వాటాలో.

అమ్మ బస్సు దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకుంటే పుత్తూరు తీసుకుపోయాను. ఆకు పసరు, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కట్టు కట్టారు. వైద్యుడు రెండే మాటలు చెప్పాడు. కాలు కదపకూడదు. కట్టు తడవకూడదు. మొదటిది మా చేతిలో ఉంది. రెండోది పైన స్నానం చేసేవాళ్ల చేతిలో ఉందని ఇంటికొచ్చిన మర్నాడే తెలిసింది. మంచం మీద స్లాబు నుంచి చుక్క పడింది.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను. ఒక బిల్డరు దగ్గర సైటు పనులు చూస్తాను. వాన నీరైతే వానప్పుడే కారుతుంది. పైపు పగిలితే ఎప్పుడూ కారుతుంది. ఇది పైన ఎవరైనా స్నానం చేసినప్పుడు మొదలై, వాళ్లు తుడుచుకుని కొండకు పోయాక కూడా చాలాసేపు కారుతోంది. అంటే బాత్రూంలో నీళ్లు కిందికి పోయే జాలీ చుట్టూ సందు పడింది. నేల కింద నింపిన ఇటుక ముక్కల్లో నీళ్లు నిలుస్తున్నాయి. ఆ నేల పగలగొట్టి, ఆరబెట్టి, మళ్లీ వేయాలి. అన్నాళ్లూ ఆ బాత్రూం మూసెయ్యాలి.

ఓనరమ్మ వచ్చి తలెత్తి చూసింది. "మీరు అన్నం వండే ఆవిరప్పా అది. కిటికీ తెరిసి పెట్టుకోండి."

"ఆవిరైతే వంటింట్లో కదక్కా కారాల్సింది? ఈడ మంచం మీదెందుకు పడతాది?"

"నీ సదువు నాకాడ సూపించబాక. పైనోళ్లు సామి దర్శనానికి పోయేటోళ్లు. తలకు పోసుకోవద్దని నేనెట్ల సెప్పేది? రద్దీ తగ్గనీ, సూద్దాం."

తిరుపతిలో రద్దీ తగ్గిన రోజు నాకు ఊహ తెలిశాక ఒక్కటీ లేదు.

రుజువు చూపిస్తే ఒప్పుకుంటుందనుకున్నాను. పై గది ఖాళీ అయినప్పుడు, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు బకెట్లో కలిపి ఆ బాత్రూంలో పోశాను. కాసేపటికి మా స్లాబు నీలంగా చెమర్చింది. పిలుచుకొచ్చి చూపించాను.

"ఓయబ్బ, స్లాబంతా నీలం జేసి పెట్టినావే! ఇప్పుడు సున్నం ఎవురేసేది, మీ నాయనా?"

మంచం మీంచి అమ్మ అంది: "వాళ్ల నాయన ఎప్పుడో పైకి పోయినాడులేమ్మా. నీ బాత్రూం కంటే శానా పైకి."

ఓనరమ్మకు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్లిపోయింది.

స్నేహితుడి అన్న చిత్తూరు కోర్టులో ప్లీడరు. ఫోన్ చేశాను. "పెద్ద మరమ్మతులు ఓనరే సేయించల్ల. కాగితం మీద రాసియ్యి, ఫోటోలు తీసి పెట్టుకో. అద్దె మాత్రం ఆపబాక, ఆపితే తప్పు నీ మీదికొస్తాది. ఆమె కోపంతో మీకు నీళ్లు బంద్ సేసిందనుకో, అప్పుడు తప్పు ఆమెది. నీళ్ల మీద చెయ్యి ఏసినోళ్లు యాడా నిలబడరు."

"ఎంత కాలం పడతాదన్నా?"

"కోర్టు కదప్పా," అన్నాడు.

ఉత్తరం రాసిచ్చాను. ఓనరమ్మ చదివి, మడిచి, టీవీ కింద పెట్టింది. "కష్టంగా ఉంటే కాళీ సెయ్యండి. నేనేమన్నా పట్టుకున్నానా?"

కింది వాటా కోసం చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాను. ఏ ఇల్లు అడిగినా యాత్రికులకే ఇస్తున్నామన్నారు. మెట్లెక్కాల్సిన ఇళ్లు ఉన్నాయి. అమ్మను మెట్లెక్కించలేను.

వంటింట్లో మంచం పట్టదు. గదిలోనే జరిపితే నీళ్లు స్లాబులోని కరెంటు గొట్టం వెంట పారి అక్కడా పడ్డాయి. చివరికి కిటికీ ఊచలకు టార్పాలిన్ కట్టాను. నేను పనికి పోయిన పూట అది నీళ్లతో బాన కడుపులా వేలాడి, ఒక కొస తెగి, అంతా అమ్మ కాలి మీదే కుమ్మరించింది. ఆటోలో మళ్లీ పుత్తూరు. వైద్యుడు నానిన కట్టు విప్పి నా వైపు చూశాడు. "ఇంగోసారి తడిస్తే ఎముక వంకరగా అతుక్కుంటాది. అప్పుడు నన్ను అడగబాకండి."

ఆ తర్వాత గొడుగే. వీలైన పూట పని మానుకుని నేను పట్టుకుంటాను. నేను లేనప్పుడు అమ్మ పట్టుకుంటుంది. కొత్తవాళ్లు దిగిన ప్రతిసారీ మెట్ల దగ్గర నిలబడి, పెరట్లో కొళాయి కింద పోసుకోండయ్యా అని బతిమాలేవాణ్ణి. మగవాళ్లు కొందరు విన్నారు. ఆడవాళ్లను ఎలా అడగను? విన్నవాళ్లు కూడా మర్నాటికి ఖాళీ చేసి పోతారు. మళ్లీ కొత్త ముఖాలు, మళ్లీ మొదటి నుంచి అదే మాట.

ఒక మధ్యాహ్నం వ్యాను నిండా ఒక కుటుంబం దిగింది. ఒకరి తర్వాత ఒకరు స్నానాలు. గొడుగు అంచు నుంచి నీళ్లు దుప్పటి మీదికి, దుప్పటి నుంచి కట్టు వైపు పాకుతున్నాయి. గొడుగు అమ్మ చేతికిచ్చి మిద్దె మీదికి పరిగెత్తాను. ట్యాంకు దగ్గర ఆ బాత్రూంకు పోయే వాల్వు కట్టేశాను. ప్లీడరు మాట గుర్తుంది. గుర్తుండే కట్టేశాను.

కింద నీళ్ల చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కాసేపటికి మెట్ల మీద గొంతు. "పైన ఎవురు నాయనా? నీళ్లు నిలిసిపోయినాయి. కండ్లు మండతాండాయి." ఒక ముసలామె. తల నిండా నురుగు, ఒంటికి తడిచీర, కళ్లు మూసుకుని గోడ తడుముకుంటూ తడికాళ్లతో మెట్లెక్కుతోంది.

"ఎక్కొద్దమ్మా! ఆడనే ఉండు, జారతావు!"

వాల్వు తిప్పేశాను.

నేను లోపలికి వచ్చేసరికి అమ్మ గొడుగును రెండు చేతులా పట్టుకుని ఉంది.

"తెరిసినావా?"

"తెరిసినాను."

"అయితే ఇట్ల రా, పట్టుకో. నాకు సెయ్యి నొస్తా ఉండాది."

గొడుగు తీసుకుని కట్టు మీదికి వంచాను. పైన ముసలామె చెంబుతో పోసుకుంటోంది. ఆమె తర్వాత ఇంకా ఎంతమంది ఉన్నారో నేను అడగలేదు.