పులుసులో పాయసం

మా సెక్టారు తెలుగు సంఘం ఆడవాళ్లు తమ వంటల్ని వెబ్‌సైటులో పెట్టమని నన్నడిగారు. సమాచారంలో ప్రతి ముక్కకీ ఒక పేరు తగిలించి దాచే ఎక్స్ఎంఎల్ ఫైళ్లకు, ఏది ఎక్కడ ఎలా కనపడాలో చెప్పే స్టైల్‌షీట్ రాసి, వాటిని అందరూ చదివే పేజీలుగా మార్చడమే నా ఉద్యోగం. రుఆబాంధా సెక్టారులో మా ఇంటి నుంచే చేస్తాను. ఇదెంత పని అనుకున్నాను. నేను చేత్తో రాసుకున్న మాదిరి ఫైలుతో చూస్తే పేజీ ముచ్చటగా వచ్చింది. ఆ ధీమాతో ఆదివారం సంఘం హాల్లో వాళ్ల వంటలున్న అసలు ఫైలును నేరుగా ప్రొజెక్టరు మీదే నడిపాను.

తెర మీద శీర్షికల్లేవు, పేరాల్లేవు. వంటలన్నీ అంటుకుపోయి ఒకే ముద్దగా వచ్చాయి.

నేను పెద్దత్తా అని పిలిచే పక్కింటావిడ కళ్లజోడు సవరించుకుని పైకి చదివింది. "చేపల పులుసు, చింతపండు, మెంతులు, సేమియా పాయసం, పాలు, పంచదార..." ఆగి, పక్కనున్న, ఆ పులుసు రాసిచ్చిన పిన్ని వైపు తిరిగింది. "ఏటే, పులుసులో పాయసం ఏస్తావేటే?"

"నానెందుకేస్తాను! ఆ పాయసం నీదే!"

"నాదయితే నీ పులుసులోకి ఎలాగొచ్చింది?"

వెనక నుంచి, ఈ హిందీ ఊళ్లోనే పుట్టిపెరిగిన ఒక కోడలు, "దీదీ, మఛ్లీ కీ ఖీర్ హై క్యా?" అంది. చేపల పాయసమా అని హాలంతా నవ్వు.

చెమటలు తుడుచుకుంటూ ఫైలు తెరిచాను. దాన్ని తయారుచేసిన సాఫ్ట్‌వేర్ మొదటి వరసలో ఒక నేమ్‌స్పేస్ చేర్చింది. అది ఇంటిపేరు లాంటిది. ఫైల్లో 'వంటకం' అన్న ప్రతి పేరుకీ ఆ ఇంటిపేరుంది. నా స్టైల్‌షీట్ మాత్రం ఇంటిపేరు లేని 'వంటకం' కోసం వెతికింది. దొరక్కపోయేసరికి, తప్పని ఒక్క మాటైనా చెప్పకుండా అక్షరాలన్నీ కుమ్మరించింది.

అదే నేమ్‌స్పేస్‌ను స్టైల్‌షీట్‌లోనూ ప్రకటించి, 'వం' అని పొట్టిపేరు పెట్టి, 'వంటకం' ముందు తగిలించాను. మళ్లీ నడిపితే వంటల పేర్లు వచ్చాయి గానీ సరుకులు రాలేదు.

"ఇప్పుడు పులుసులో చేపలు కూడా నేవు," అంది పెద్దత్త.

సరుకుల ముందు 'వం' తగిలించడం మరిచాను. అదీ దిద్దాక ఎవరి వంట వారికి దక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు, పెద్దత్త తప్ప.

"దీని పులుసు పైనుంది. నా పాయసం అడుక్కెలిపోయిందేటి?"

"అక్షరక్రమం, అత్తా."

"అలాగయితే 'అమృత పాయసం' అని రాయి."

రాశాను. మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, తన వంటకి 'అచ్చమైన చేపల పులుసు' అని పేరు మార్పించుకుంది.