నీళ్లు చల్లినంకనే చీపురు

మా పక్క కిరాయి రూముల ఉండే పెద్దబాపు పోయిండని ఐతారం పొద్దున ఇంటి ఓనరమ్మ చెప్పింది. తలుపు కొడితే పలకలేదట. షిఫ్టుకు తయారైన నేను టిఫిన్ డబ్బా పట్టుకొని అట్లనే నిలవడ్డ. ఎస్టీడీ బూతు నుంచి ఆయన తమ్ముని కొడుక్కు ఫోన్ చేసినం.

ఆయన నాకు చుట్టం గాదు. బొగ్గుబాయిల రిటైరై, పెండ్లాం పోయినంక ఆ ఊర్ల ఉండబుద్ధిగాక బొల్లారం వచ్చి, నేను చేసే మందుల కంపెనీలనే హెల్పరుగ చేరిండు. బాయిల ఆయన పని నీళ్ల పైపు పట్టుడు. బొగ్గు కోసేకాడ, ఎత్తేకాడ దుమ్ము లేవకుండ తడుపుడు. ఇక్కడ గూడ వాకిట్ల చెంబెడు నీళ్లు చల్లి, ఇంకినంకనే చీపురు పట్టేది.

"పొడిగ ఊడుస్తవేంది బిడ్డా? కండ్లవడే దుమ్ము కడిగితే పోతది. కండ్లవడనిదే లోపల కూసుంటది" అని నన్ను గులిగేది. ఈ ముసలాయనకేం పనిలేదనుకునేదాన్ని.

కంపెనీల నేను పౌడరు నింపే రూముల ఉండేది. మూతికి గుడ్డ కట్టుకున్నా దగ్గు ఆగకపోయేది. ఒకనాడు దగ్గి దగ్గి కూలబడ్డ. అది సూసి పెద్దబాపు బకెటు తెచ్చి నేల మీద, గోడల మీద నీళ్లు చల్లిండు. దుమ్మైతే అణిగింది గానీ, తెరిచి ఉన్న డ్రమ్ముల పౌడరు తడిసి ముద్దయింది. బొగ్గు తడిస్తే ఏం గాదు. మందు తడిస్తే పారబోసుడే. ఆయనకు ఆ సంగతి తట్టలే.

"ఎందుకు పోసినవ్?" అని సూపర్వైజరు గద్దిచ్చిండు. పెద్దబాపు నా పేరెత్తకుండ బకెటు కింద పెట్టిండు. నా కోసమే పోసిండని నేను చెప్పాలె. నా పని గూడ పోతదని తల వంచుకున్న. ఆ పూటనే ఆయనను గేటు బయటికి పంపిండ్రు.

మొకం సూపియ్యలేక సాయంత్రం తలుపేసుకున్న. ఆయనే వచ్చి కొట్టిండు.

"మంచిగనే ఊకున్నవ్ బిడ్డా. లేకుంటే ఇద్దరం పోతుంటిమి. రేపటి సంది ఆ గుడ్డ తడిపి కట్టుకో."

తప్పయిందని అప్పుడే అనాలె. రేపందాం రేపందాం అనుకుంటనే ఏండ్లు గడిసినయ్. ఆయన ఒక్కడే వండుకునేది, ఒక్కడే తినేది. గోడ అవతల ఆయన దగ్గు ఇనవడితే, పక్కన మనిషున్నడని నాకు నిద్రపట్టేది. ఆయనకెట్ల పట్టేదో ఎన్నడు అడగలే.

తమ్ముని కొడుకు వచ్చి, అంతా అయినంక సామాను తీస్కపోయిండు. వాకిట్ల నీళ్లు చల్లే సొట్టల చెంబు మాత్రం వద్దని ఇడిసిపెట్టిండు. రోడ్డు మీద లారీలు లేపిన దుమ్ము ఆయన గడప మీద మందంగ పడ్డది. ఇయ్యాల ఆ చెంబుతోనే నీళ్లు చల్లిన. ఇంకేదాక నిలవడ్డ. ఇంకినంక గూడ చీపురు పట్టబుద్ధిగాలే.